మైల ఎవరిది? కడగాల్సింది ఎవరు?

1985 జూలై 16. చీరాల పక్కన కారంచేడు. మాదిగపల్లె జనం తాగే మంచినీళ్ళ చెరువు దగ్గర కమ్మ భూస్వాముల కుర్రవాడొకడు గేదెల బకెట్టు కడుగుతున్నాడు. ఆ మురికి చెరువులోకి పోతోంది. తాగే నీళ్ళు పాడుచేయొద్దన్నందుకు ఓ దళిత కుర్రవాడికి దెబ్బలు పడ్డాయి. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్తమ్మ అడ్డుపడింది. ఆమె మీదికీ వస్తే చేతిలో ఉన్న బిందె ఎత్తింది. తెల్లారేసరికి పల్లె మీదికి మంద వచ్చిపడింది. ఆరుగురు మాదిగలను చంపారు. ఆడపిల్లలను చెరిచారు. మిగిలినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చీరాలకు పరుగెత్తారు. ఆ నెత్తుటిలోంచే ఆ ఏడాది దళిత మహాసభ పుట్టింది. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబర్లో వచ్చింది. అంటే 23 ఏళ్ళకు.

ఇదంతా మన పాఠకులకు తెలిసిందే. మళ్ళీ ఎందుకు చెబుతున్నామంటే, కారంచేడును మనం ఆత్మగౌరవ పోరాటంగా గుర్తుంచుకున్నాం గానీ, అది నీటి కాలుష్యం మీద జరిగిన పోరాటం అన్న సంగతి మరిచిపోయాం. సువార్తమ్మ చదువుకున్న శాస్త్రవేత్త కాదు. అయినా ఏ పర్యావరణ శాస్త్రవేత్తయినా అడిగే మొదటి ప్రశ్నే ఆమె అడిగింది. ఈ నీళ్ళలో మురికి కలిపిందెవరు? ఈ నీళ్ళు తాగేదెవరు?

మన దేశంలో మురికికి రెండు పేర్లున్నాయి. ఒకటి మైల. రెండోది కాలుష్యం. మైల కులం చూసి అంటుకుంటుందట. కాలుష్యం కులం చూడదని చదువుకున్నోళ్ళు చెబుతారు. 1927 మార్చి 20న మహాద్‌లో అంబేద్కర్ మన జనాన్ని వెంటబెట్టుకుని చవుదార్ చెరువు నీళ్ళు తాగాడు. పశువులు తాగితే మైలపడని చెరువు మనుషులు తాగితే మైలపడిందట! 108 కుండల్లో ఆవుపేడ, ఆవుపంచితం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి 'శుద్ధి' చేశారు. మంచినీళ్ళలో పేడ పోసి శుభ్రం చేశామనుకున్నారు. వాళ్ళ శుద్ధి శాస్త్రం అదీ!

సైన్సు అట్లా చెప్పదు. నీళ్ళు సీసాలో పట్టి కొలుస్తుంది. ఎంత ఉప్పుంది, ఎంత విషముంది అని లెక్క కట్టి చూపిస్తుంది. అందుకే సైన్సు మనకు చుట్టం. కానీ ఒక మాట అడగాలి. ఆ సీసా ఏ వీధిలో నిండింది? ఊళ్ళో ట్యాంకు దగ్గరా, వాడ చివరి కొళాయి దగ్గరా? కాలుష్యానికి కులం లేకపోవచ్చు. కానీ అది పారే కాలవకు కులం ఉంది. ఊరు మెరక మీద, వాడ పల్లంలో. మురుగు మెరకెక్కదు.

ఇక పొలంలోకి రండి. చీరాల దాటి పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు దాకా పోతే నల్లరేగడి, పత్తి, మిరప. ఈ రెండు పంటలు మందు లేకుండా నిలవవని రైతుకు నూరిపోశారు. 1980లలో తెల్లదోమ వచ్చిపడ్డప్పుడు మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు, అప్పు పెరిగింది. 1987-88లో ప్రకాశం జిల్లా పత్తి రైతులు ఆ మందే తాగి చచ్చారు. ఆ చావులు పేపర్లకెక్కాయి. మరి డ్రమ్ములో మందు కలిపే కూలి మనిషి, పంపు వీపున మోసే పాలేరు, మందు కొట్టిన మర్నాడే చేలో వంగి కలుపు తీసే ఆడకూలీ, వీళ్ళ లెక్క ఎవరు రాశారు?

ఒకామె రాసింది. ఫ్రాన్సెస్కా మాన్సిని అనే పరిశోధకురాలు, తోటివాళ్ళతో కలిసి, 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు పత్తి ఊళ్ళలో అధ్యయనం చేసింది. 2005లో అచ్చయింది. డాక్టర్లను పెట్టి కాదు, 50 మంది పత్తి రైతు స్త్రీలనే పెట్టి లెక్క రాయించింది. మందు కొట్టిన ప్రతిసారీ తమకూ తమ ఇంటి మగవాళ్ళకూ ఒంట్లో ఏమేమైందో వాళ్ళే గుర్తులు పెట్టారు. కళ్ళు మండాయా, తల తిరిగిందా, చేతులు వణికాయా, వాంతయిందా? మొత్తం 323 సార్లు. అందులో నూటికి 83 సార్లకు పైగా విషం తగిలిన గుర్తులున్నాయి. నూటికి ఆరుసార్లు నరాల మీద దెబ్బ చాలా తీవ్రంగా తగిలింది. అయినా వాళ్ళలో ఒక్కరు కూడా ఆస్పత్రికి పోలేదు. ఎక్కువగా దెబ్బతిన్నది భూములున్న ఆసాములు కాదు, పేద సన్నకారు జనం.

ఎందుకు పోలేదో మన ఆడవాళ్ళను అడగండి, చెబుతారు. 'మందు కొట్టిన్రోజు అన్నం సయించదు, తలకాయ దిమ్మెక్కుద్ది, అదంతే' అంటారు. అదంతే కాదమ్మా. మోనోక్రోటోఫాస్ లాంటి మందులు పురుగు నరాన్ని ఎట్లా పట్టేస్తాయో మనిషి నరాన్నీ అట్లాగే పట్టేస్తాయి. నరాల పని సాగటానికి ఒంట్లో కోలినెస్టరేస్ అనే పదార్థముంటుంది. ఈ విషం దాన్ని కట్టేస్తుంది. అందుకే చెమటలు, చొంగ, చూపు మసక, వణుకు. రక్తపరీక్షలో అది తెలిసిపోతుంది. మందుల సీజనుకు ముందొకసారి, సీజన్లో ఒకసారి పరీక్ష చేసి పోల్చిచూస్తే చాలు. మిరపచేలో మందు కొట్టే మన కుర్రాళ్ళలో ఎంతమందికి ఆ పరీక్ష జరిగిందో మీ ఊళ్ళో మీరే అడిగి చూడండి.

సరే, నీళ్ళను కడగటం ఎట్లా? పంపూ డ్రమ్మూ కడిగిన నీళ్ళు కాలవలోకి, కాలవ నీళ్ళు చెరువులోకి. మరగబెట్టి తాగమంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి, విషం పోదు. బ్లీచింగ్ పౌడరూ అంతే. ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు పొడి గుండా వడబోస్తే చాలా రకాల మందులు బొగ్గుకు అంటుకుంటాయి. కానీ బొగ్గు నిండాక మార్చాలి, దానికి డబ్బు కావాలి. ఆర్వో ప్లాంటు వడపోస్తుంది, వదిలేసిన ఉప్పునీళ్ళను మళ్ళీ గుంటలోకే పంపుతుంది. ఆ గుంట ఎవరి ఇళ్ళ పక్కనుందో చూడండి. పైగా క్యాను నీళ్ళకు డబ్బులు. విషం కలిపినోడు ఒకడు, మందమ్మి లాభం తిన్నోడు ఇంకొకడు, నీళ్ళు కొనుక్కునేది మాత్రం కూలోడు. ఇదేం న్యాయం?

అన్నిటికన్నా చవకైన శుద్ధి ఒకటుంది. విషం కలపకపోవటం. ఇది సన్యాసి మాట కాదు. అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గరి పునుకుల ఊరు పత్తి పండించే ఊరే. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, లింగాకర్షక బుట్టలు, జిగురు పూసిన పసుపు పళ్ళేలు, పిట్టలు వాలటానికి కర్రలు పెట్టి, 2003-04 నాటికి పురుగుమందు లేని ఊరని ప్రకటించుకుంది. ఆ తర్వాత ప్రభుత్వమే మహిళా సంఘాల ద్వారా ఆ పద్ధతిని జిల్లాలకు తీసుకెళ్ళింది. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపింది. అది లేకపోతే పంట లేదన్నవాళ్ళు ఇప్పటికీ పంట పండిస్తూనే ఉన్నారు.

ఇక్కడ మనవాళ్ళ తప్పు కూడా చెప్పుకోవాలి. కౌలుకు రెండెకరాలు పట్టిన దళితుడు కూడా అదే మందు కొడుతున్నాడు. ఆసామి కంటే రెండుసార్లు ఎక్కువే కొడుతున్నాడు. మందుల కొట్టు దగ్గరే అప్పు, ఆ కొట్టువాడే సలహాదారు. కౌలు కాగితం లేనోడికి బ్యాంకు లేదు, మరి వాడేం చేస్తాడు? అందుకే ఇది ఒట్టి మందు సంగతి కాదు, భూమి సంగతి. సొంత భూమి ఉన్నోడికే విషాన్ని కాదనే ధైర్యం ఉంటుంది.

కార్యకర్తలకూ ఒక మాట. కత్తులతో వచ్చి చంపితే మనం రోడ్డెక్కుతాం, ఎక్కాలి కూడా. నీళ్ళలో కలిసి చుక్కచుక్కగా చంపితే మాత్రం 'ఆరోగ్యం బాగాలేక' అని రాయించి పూడ్చేస్తున్నాం.

కలిపినవాడే కట్టాలన్నది కొత్త మాటేం కాదు. సుప్రీంకోర్టే చెప్పింది. తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో, రొయ్యల చెరువుల వల్ల తీరం ఎట్లా పాడైందో చూడమని నాగపూర్ 'నీరి' శాస్త్రవేత్తలను కోర్టు పంపింది. వాళ్ళు మన ఆంధ్ర తీరమూ తిరిగి, తాగునీళ్ళు ఉప్పుబారిన సంగతి రాసిచ్చారు. 1996 డిసెంబర్ 11న తీర్పొచ్చింది. తీరం నియంత్రణ పరిధిలో రొయ్యల చెరువులు తీసెయ్యాలి, పాడుచేసినవాళ్ళు నష్టపరిహారం కట్టాలి, పని పోయిన కూలీలకు ఆరేళ్ళ కూలి ఇవ్వాలి. తర్వాతేమైంది? రొయ్యల వ్యాపారులు ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2005లో కొత్త చట్టం తెచ్చి చెరువులను నిలబెట్టారు. శాస్త్రవేత్త నివేదిక ఉంది, కోర్టు తీర్పు ఉంది, దాని వెనక కాపలా కాసే జనం మాత్రం చాలినంత లేరు. కాగితం ఒంటరిదైతే ఓడిపోతుంది.

అందుకని ఊరూరా అడగాల్సినవి ఇవి. నీళ్ళ నమూనా వాడ చివరి కొళాయి దగ్గర, మన కళ్ళ ముందు పట్టాలి. ఫలితం తెలుగులో రాసి వాడలోనే చదివి వినిపించాలి. మందుల సీజన్లో కూలీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే రక్తపరీక్ష చెయ్యాలి. నీళ్ళు శుద్ధిచేసే ఖర్చు బిందె మీద వెయ్యకూడదు, మందు అమ్మినోడి మీద, కలిపినోడి మీద వెయ్యాలి. చెరువు పూడికకూ మురుగు కాలవకూ మన వాడ మనుషుల్నే పిలిచే ఆచారం ఆపాలి. పాడుచేసేది వాళ్ళు, దిగి కడిగేది మనమా?

వీటికోసం ఎవరో వస్తారని చూడొద్దు. మాన్సిని చేయించింది అక్షరం రాని ఆడకూలీ కూడా చేయగలదు. ఒక రెండు రూళ్ళ పుస్తకం, ఒక పెన్సిలు. ఏ రోజు ఏ చేలో ఏ మందు, ఎవరికి ఏమైంది. చదువుకున్న పిల్లలు పక్కన కూర్చుని రాయండి. ఒక్క మిరప సీజను రాస్తే కలెక్టరు బల్ల మీద పెట్టేంత సాక్ష్యం తయారవుతుంది.

మనమంటే మైల అన్నోళ్ళ మురికిని మనం తరతరాలుగా తాగాం, కడిగాం. సువార్తమ్మ ఎత్తిన బిందె ఇంకా దించలేదు. ఇప్పుడు దాని పక్కన ఒక పుస్తకం కూడా ఎత్తుదాం.

జై భీమ్!