నక్షత్ర తాబేలుకు ఈత రాదు

మా వీధిలో ఎవరింట్లో ఏది ఎక్కువైపోయినా చివరికి మా గుమ్మంలోకే వస్తుంది. పిల్లి కూనలు, చెదలు పట్టిన పుస్తకాలు, పెళ్ళి కుదరని మేనకోడలి జాతకం, ఒకటేమిటి! రచయిత్రి అంటే రోజంతా ఇంట్లో ఖాళీగా కూర్చునే మనిషనీ, పైగా జాలిగుండె గలదనీ జనానికో గట్టి నమ్మకం. మొన్న ఆదివారం పొద్దున్నే ఎదురు సందులో అమ్మాయి ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చి మా వరండాలో దింపింది. బకెట్ మీద పళ్ళెం, పళ్ళెం మీద ఇటుక.

“అక్కా, గిది నీ దగ్గర ఉంచుకో. మా పిలగానికి కొనిచ్చినప్పుడు రూపాయి బిళ్ళంత ఉండె. ఇప్పుడు పళ్ళెమంతైంది. దినాం నీళ్ళు మార్చలేక సస్తున్న. వేలు పెడితే కొరుకుతున్నది. నువ్వు వద్దంటే పొయ్యి భద్రకాళి చెరువుల ఇడిసిపెట్టొస్త. పుణ్యమన్న వస్తది.”

ఆ చివరి మాటకి నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ అమ్మాయి మీద కోపం కాదు. ఆ పుణ్యం నేనూ ఒకసారి మూటగట్టుకున్నదాన్నే. అందుకని.

2016లో మేం హనుమకొండలో ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి మావారి స్నేహితులొకరు అట్టపెట్టెలో నక్షత్ర తాబేలును పెట్టి తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంది. నల్లటి డిప్ప మీద ఒక్కో గడి నడుమ నుంచి పసుప్పచ్చ గీతలు చుక్క విచ్చుకున్నట్టు పరుచుకుని, చెప్పొద్దూ, ఎంత ముద్దుగా ఉందో! వాస్తు చెప్పినాయన దాన్ని చూసి మహా సంతోషించి, ఉత్తరం దిక్కున నీళ్ళలో ఉంచండి, లక్ష్మి కదలదన్నాడు. లక్ష్మి సంగతేమో గానీ తాబేలు మాత్రం కదలడం మానలేదు. గాజు తొట్టిలో వేసిన నాలుగంగుళాల నీళ్ళలో రాత్రంతా గోళ్ళతో అద్దాన్ని గీకేది. మేం దాన్ని ఆట అనుకున్నాం. పాలన్నం పెట్టాం. నాలుగు నెలలు తిరిగేసరికి డిప్ప మెత్తబడింది, కళ్ళు వాచాయి. మా అత్తగారు, “అది బెంగ పెట్టుకుందే. శ్రీకూర్మం దాకా ఎక్కడ తీసుకుపోతాం గానీ, భద్రకాళమ్మ చెరువుందిగా, స్వామి అవతారాన్ని స్వామి నీళ్ళలోనే వదిలేద్దాం” అన్నారు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుడి గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళున్నాయని ఆవిడ ఎప్పుడో యాత్రలో చూసొచ్చారు లెండి.

శుక్రవారం దర్శనం చేసుకుని, ఏడో తరగతి చదువుతున్న మావాడి చేత చెరువుకట్ట మీంచి నీళ్ళలోకి వదిలించాం. బుడుంగుమని మునిగింది. “పోయిందమ్మా, ఈదుకుంటూ పోయింది!” అని వాడు చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం. అంతటితో ఆగానా? ఆ సన్నివేశాన్ని నా నవల చివరి అధ్యాయంలో పెట్టేశాను. నాయిక పంజరంలాంటి కాపురం వదిలి వెళ్ళేముందు తాబేలును చెరువులోకి వదులుతుంది. స్వేచ్ఛ గురించి రెండు పేజీలు. చదివి కళ్ళు చెమర్చాయని ఎందరో ఉత్తరాలు రాశారు. ఒక్క జంతుశాస్త్రం మేష్టారు మాత్రం కార్డు ముక్క మీద ఒకే వాక్యం రాశారు: “అమ్మా, నక్షత్ర తాబేలుకు ఈత రాదు.”

ఆ కార్డు ఇప్పటికీ నా రాతబల్ల సొరుగులో ఉంది.

అది మెట్టనేల జీవి. గడ్డీ, ఆకులూ, బ్రహ్మజెముడు పళ్ళూ తింటూ ముళ్ళపొదల్లో బతికేది. లోతు నీళ్ళలో వేస్తే ఊపిరాడక చచ్చిపోతుంది. డిప్ప దాని మీద కప్పిన గొడుగేమీ కాదు, వెన్నెముకా పక్కటెముకలూ అతుక్కుని ఏర్పడ్డ ఎముకే. ఎండ తగలక, సున్నం చాలక ఆ ఎముక మెత్తబడితే దాన్ని మేం బెంగ అనుకున్నాం. బీఏలో చరిత్రా సాహిత్యమూ చదివాను గానీ తాబేలును చదవలేదనుకోండి. అయినా గాజు గీకుతున్న చప్పుడు అర్థం కావడానికి డిగ్రీ ఏం కావాలి?

2024 చివర్లో పూడిక తీయడానికని భద్రకాళి చెరువు నీళ్ళు వదిలేశారు. ఊరంతా వింతగా చూసిపోయింది. నేనూ వెళ్ళాను. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ బురదలో ఏం కనిపిస్తుందని వెళ్ళానో అడక్కండి.

మా అమ్మమ్మ ఒక సామెత చెప్పేది. తాబేలు జొచ్చిన ఇల్లూ, అమీనా జొచ్చిన ఇల్లూ బాగుపడవని. అమీనా అంటే కోర్టు జప్తుకొచ్చే మనిషి. నిజాం కాలం చూసినావిడ కదా, ఆ భయం ఆవిడకి తెలుసు. తాబేలు పెరట్లోకొస్తే తట్టలో పెట్టి పొలం గట్టు దాకా మోసుకెళ్ళి వదిలి వచ్చేది. మూఢనమ్మకమని కాలేజీ రోజుల్లో ఆవిణ్ణి వెక్కిరించాను. ఇప్పుడనిపిస్తుంది, ఆ చెడ్డపేరే తాబేలుకి శ్రీరామరక్ష అని. తాబేలు అశుభమన్నన్నాళ్ళూ దాని బతుకు అది బతికింది. శుభమని మనం ఎప్పుడైతే తీర్మానించామో ఆనాడే దాని కొంప మునిగింది. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో ఒకే ఒక్క కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్ళు దొంగచాటుగా తరలిపోతున్నాయట. లక్ష్మి ఎవరింటికొచ్చిందో మీరే చెప్పండి.

చట్టం లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. దాన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న పట్టికలో, ఉంది. ఇంట్లో పెట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. చాలా మంచిదే. కానీ ఈ కబురు తెలిసిన మర్యాదస్థులు ఏం చేస్తున్నారు? అమ్మినవాణ్ణి పట్టిస్తున్నారా? లేదే! చీకటి పడ్డాక సంచీలో వేసుకుని చెరువుకట్టకో గుడి కోనేటికో బయల్దేరుతున్నారు. తప్పు దిద్దుకోవాలనుకునేవాడికి వెళ్ళడానికి ఒక తలుపుండాలి. హంటర్ రోడ్డులో కాకతీయ జంతు ప్రదర్శనశాల ఉంది, అటవీశాఖ వాళ్ళున్నారు. అయినా అక్కడికి ఒక పెట్టె పట్టుకుని వెళితే తిరిగి ఇంటికొస్తామో లేదో అని జనానికి గుబులు. సింగపూరు నుంచి 2018లో 51 నక్షత్ర తాబేళ్ళు విమానమెక్కి కర్ణాటకకు తిరిగొచ్చాయి. సముద్రం దాటి రావడానికి దారి దొరికింది గానీ, మా వీధి నుంచి హంటర్ రోడ్డుకు మాత్రం దారి దొరకదు!

ఇక బకెట్లోది. దాని కథ ఇంకో రకం. చెంపలకి ఎర్రటి పట్టీ ఉన్న ఈ తాబేలు మన దేశానిది కాదు, అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతాలది. ఆక్వేరియం దుకాణాల్లో గాజు గిన్నెలో ఆకుపచ్చ బిళ్ళల్లా ఈదుతుంటాయే, అవే. అది అంతే ఉండిపోతుందనుకుంటాం. ఆడదైతే అడుగు పొడవు దాకా పెరుగుతుంది, 30 ఏళ్ళు బతకగలదు. పుట్టినరోజు బహుమతిగా ఇచ్చినది ఆ పిల్లవాడి పెళ్ళిదాకా ఉంటుందన్నమాట. దాని ఒంటి మీద సాల్మొనెల్లా క్రిములుంటాయని, పిల్లలు చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకుంటారని, అమెరికా 1975లోనే నాలుగంగుళాల లోపు తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదంది. తమ పిల్లల చేతికి వద్దన్నారు గానీ, పైదేశాలకు పంపడం మాత్రం ఆపలేదు. యూరపు దేశాలు 1997లో దిగుమతి నిలిపేశాయి. మనమో, పదింటికి రెండు ఉచితమంటే కొనుక్కొస్తున్నాం.

దీనికి ఈత బ్రహ్మాండంగా వచ్చు. చిక్కంతా అక్కడే. చెరువులో వదిలితే మన నీటి తాబేళ్ళు ఎండ కాచుకునే రాయిని ఆక్రమిస్తుంది, వాటి తిండి తింటుంది, కొత్త రోగాలు అంటిస్తుంది. ప్రపంచంలో అతి చెడ్డ వలస జీవులు వందింటిని శాస్త్రజ్ఞులు ఎంచితే అందులో దీని పేరుంది. ఈత రానిదాన్నీ చెరువులోనే, ఈత వచ్చినదాన్నీ చెరువులోనే! రెండూ పుణ్యమే! ఏం లెక్క ఇది?

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నేను ఫోను పట్టుకున్నాను. ఒక కార్యాలయంలో “అది మన దేశపు తాబేలు కాదు మేడం, మా కిందికి రాదు” అన్నారు. ఇంకోచోట సోమవారం చేయమన్నారు. సోమవారం చేస్తే, పెట్టడానికి చోటు లేదన్నారు. చివరికి కొన్న దుకాణానికే బకెట్ పట్టుకెళ్ళాం. “వాపస్ తీస్కోం మేడం. చిన్నది గావాల్నా?” అన్నాడు కుర్రాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బళ్ళో పక్కనే ఉన్న ఒకావిడ, “పాపం, ఇక్కడ చచ్చిపోతాయని నేను రెండు కొన్నానండీ, కాపాడినట్టుంటుంది” అంది. ఆవిడ కాపాడిన రెండింటి చోట్లోకి మర్నాడు రెండు కొత్తవి వచ్చి చేరతాయి. అమ్ముడైతే చాలు, ఎందుకు కొన్నారని దుకాణంవాడు అడగడు.

కేరళ వాళ్ళని చూడండి. 2018లో త్రిస్సూరులో ఒక కాలువలో ఈ ఎర్రచెంపల తాబేలు దొరికింది. ఆ తర్వాత పీచిలోని కేరళ అటవీ పరిశోధనా సంస్థ, మీరు వదలకండి, మాకివ్వండి అని ఇళ్ళవాళ్ళ దగ్గర్నుంచి వాటిని తీసుకోవడం మొదలుపెట్టింది. దానికేం బంగారపు భవనాలు కావాలి? ఒక తొట్టి, ఒక మనిషి, “ఎక్కడ కొన్నావు?” అని గద్దించకుండా పెట్టె అందుకునే రెండు చేతులు. ఓరుగల్లులో కాకతీయులు ఇన్ని చెరువులు తవ్వించి పోయారే, ఆ చెరువుల కోసం ఒక్క తొట్టి కట్టలేమా? నెలకొక ఆదివారం, శిక్ష లేదు, ప్రశ్న లేదు, తెచ్చి ఇచ్చి పొండి అని ఒక బోర్డు పెట్టలేమా? అమ్మేవాడికి శిక్ష ఎంత వేసినా నాకు అభ్యంతరం లేదు. తెచ్చి ఇచ్చేవాణ్ణి మాత్రం బెదిరించకండి.

“మనుషులకే దిక్కులేదు, నీకు తాబేళ్ళ గోలేమిటే” అంటుంది మా ఆడపడుచు. నిజమే. కానీ వదినా, మనుషుల్ని ఉద్ధరించడం చేతకాకపోవడమనేది తాబేలును ముంచడానికి ఎప్పట్నించి సాకయింది? పైగా ఇది పెద్ద త్యాగమేమీ అడగదు. కొనకపోతే చాలు. గృహప్రవేశానికి తీసుకెళ్ళడానికి ఇంకేమీ దొరకనట్టు! స్టీలు బిందెలు మానేశారా జనం?

బకెట్లోది ఇప్పుడు మా పెరట్లో సిమెంటు తొట్టిలో ఉంది. మధ్యలో రెండు ఇటుకలు పేర్చితే ఎక్కి ఎండ కాచుకుంటోంది. దాన్ని ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగాలని గోడ మీద కాగితం అంటించాను. ఎదురింటి పిల్లవాడు ఆదివారాలు వచ్చి పాలకూర వేసి పోతున్నాడు. ముప్ఫై ఏళ్ళ మాట తలుచుకుంటే మావారు లెక్కలు వేసి, “మనం పోయాక దీన్ని ఎవరి గుమ్మంలో పెడతారో” అంటున్నారు.

ఈమధ్య పబ్లిషరుగారు ఫోన్ చేశారు. ఆ నవల రెండో ముద్రణట. చివరి అధ్యాయం మారుస్తానన్నాను. “అయ్యో, పాఠకులకు నచ్చిందే ఆ చెరువు సీనండీ, దాన్ని ముట్టుకోకండి” అన్నారాయన. తాబేలుకు ఈత రాదండీ అన్నాను. “నవల్లో వస్తుంది లెండి” అన్నారు. నేను ఒప్పుకోలేదు. ప్రూఫులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.