ఆయిల్ పుల్ల తిప్పి బిగించి చూడొద్దు

ఈసారి నేను రాసేది భాష గురించి కాదు, ఉగాది సభ గురించి కూడా కాదు. బండి ఇంజిన్ ఆయిల్ గురించి. పొడుగు పోస్టే, టీ పెట్టుకొని కూర్చోండి. చివరిదాకా చదవమని అడిగేదానికి కారణం ఉంది, ఇందులో నా తప్పు ఒకటి ఉంది.

పోయిన నెల మా బామ్మర్ది సేలం నుండి ధర్మపురికి స్ప్లెండర్ మీద వస్తున్నాడు. వెనక ఆయన భార్య, నాకు చెల్లెలి వరస. తొప్పూరు ఘాటు ఎక్కుతుంటే బండి గుంజేది తగ్గింది. గేరు దించినాడు. ఇంజిన్‌లో నుండి ఇనుము రాసుకున్నట్టు సద్దు వచ్చింది, మరుక్షణం వెనక చక్రం పట్టేసింది. ఆ దారిలో లారీలు ఎట్ల పోతాయో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అదృష్టానికి ఎక్కుడు దారి, వేగం ముప్పై కూడా లేదు. చెయ్యి తానుగా క్లచ్ పట్టింది, చక్రం వదిలింది, బండిని ఎడమ పక్కకు దించుకున్నాడు. ఇంజిన్ పట్టేస్తే మొదట చేయాల్సింది క్లచ్ నొక్కడమే. ఇది మీ ఇంట్లో బండి తోలే ప్రతి ఒక్కరికీ చెప్పి పెట్టండి.

షెడ్డులో ఇంజిన్ విప్పితే ఆయిల్ అడుగంటి ఉంది. బోరు, పిస్టన్, హెడ్డు, అన్నీ పని. రెండు నెలల పాల డబ్బు దానికే పోయింది.

"ఆయిల్ చూసుకోలేదా?" అని గట్టిగానే అడిగినాను.

"ముందురోజే చూసినాను బావా, కింది గీత పైనే ఉండె. నువ్వు నేర్పినట్టే చూసినాను."

నేను నేర్పినట్టే. పదేళ్ల కింద మా వాకిట్లో ఆ పిల్లవానికి పుల్ల తీసి, తుడిచి, మళ్లీ పెట్టి, గట్టిగా తిప్పి బిగించి, తీసి చూపించింది నేనే. నాకు అట్ల నేర్పింది ఒక వర్క్‌షాపులో పెద్దాయన. ఆయనకు ఎవరు నేర్పినారో.

ఆ రాత్రి బండితో ఇచ్చిన పుస్తకం వెతికి తీసినాను. కొన్ననాటి నుండి బీరువాలో ఆర్‌సీ జిరాక్సుల కింద పడుండింది. అందులో తేటగా ఉంది: పుల్లను తుడిచి లోపల పెట్టండి, మర తిప్పవద్దు. ఊరికే ఆనించి తీయాలి. గీతలు ఆ లెక్కకే గీసినారు. మర తిప్పి బిగిస్తే పుల్ల ఆ మర పొడుగంత ఇంకా కిందికి దిగుతుంది. అప్పుడు ఆయిల్ తక్కువ ఉన్నా పుల్ల మీద ఎక్కువ కనిపిస్తుంది. పై గీతకూ కింది గీతకూ నడుమ ఉండే ఎడమే వేలి మందం. అంతలో ఇంత తేడా వస్తే ఇంకేమి కొలత? మా బామ్మర్దికి కింది గీత మీద కనిపించిన ఆయిల్ నిజానికి దానికి ఎంతో దిగువన ఉండింది.

ఇంకో తప్పు దీనికి తిరగబడి పనిచేస్తుంది. సైడ్ స్టాండు మీద పెట్టి చూసేది. బండి ఎడమకు వాలుతుంది. స్ప్లెండర్‌లో పుల్ల ఉండేది కుడి పక్క. ఆయిల్ ఎడమకు జారిపోతుంది, పుల్లకు తక్కువ అంటుతుంది. "అయ్యో తగ్గిపోయింది" అని మనము ఇంకా పోస్తాము. పల్సర్‌కు కుడి పక్క ఉండే అద్దంలో చూసేవాళ్లకూ ఇదే కథ. ఎక్కువ పోస్తే మేలే కదా అనుకునేవాళ్లు మనలో చాలామంది. మేలు కాదు. లోపల తిరిగే క్రాంకు ఆ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ లేస్తుంది, నురగకు ఇనుమును కాపాడే బలం ఉండదు. మిగిలింది గొట్టం గుండా ఎయిర్ ఫిల్టరుకు ఎక్కుతుంది, సీళ్లలో నుండి కారుతుంది, సైలెన్సర్‌లో పొగ వస్తుంది.

మూడోది, బండి ఆపిన వెంటనే చూసేది. దీనికి మన బావి చాలు. మోటారు ఆపిన క్షణాన బావిలోకి తొంగి చూస్తే నీళ్లు అడుగున ఉంటాయి. కాసేపు ఆగితే ఊట ఊరి పైకొస్తుంది. ఇంజిన్‌లో ఊట లేదు గానీ, నడిచేటప్పుడు ఆయిల్ పైన హెడ్డులో, క్లచ్ పక్కన, గోడల మీద అంతా పరుచుకొని ఉంటుంది. అది కిందికి దిగేదానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది.

కాబట్టి సరైన పద్ధతి ఇది. సమంగా ఉండే నేల మీద సెంటర్ స్టాండు వేయండి. బండిని మూడు నుండి అయిదు నిమిషాలు ఊరికే నడవనిచ్చి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. మూత విప్పేముందు చుట్టూ దుమ్ము తుడవండి, అది లోపల పడితే అదొక తంటా. పుల్ల తీసి నూలు గుడ్డతో తుడిచి, తిప్పకుండా ఆనించి, తీసి చూడండి. రెండు గీతల నడుమ, పై గీత పక్కకు ఉంటే చాలు. తక్కువైతే కొంచెం కొంచెంగా పోసి మళ్లీ చూడండి. 100 సీసీ బండి మొత్తానికి పట్టేదే లీటరు లోపల. ఒక్క వంపు వంపితే గీత దాటిపోతుంది. ఇప్పుడొచ్చే చాలా బండ్లకు సెంటర్ స్టాండు ఉండదు. ఇంకొకరిని పిలిచి బండిని నిటారుగా పట్టుకోమనండి. నేను చెప్పింది మా స్ప్లెండర్ లెక్క. మీ బండి పుస్తకం వేరే చెప్తే పుస్తకం మాటే వినండి, నా మాట కాదు.

ఇంత చిన్న పని మనకెందుకు రాలేదు? నేను చాలా ఆలోచించినాను. మా నాయన కాలం బండి టీవీఎస్ 50. 1980లో అది హోసూరులో తయారై బయటికొచ్చినప్పుడు హోసూరు మన ధర్మపురి జిల్లాలోనే ఉండె, కృష్ణగిరి జిల్లా విడిపోయింది 2004లో కదా. అది టూ స్ట్రోక్. బంకులో పెట్రోలుతో ఆయిల్ కలిపి పోసేవాళ్లు, అది కాలి పొగై పోయేది. ఇంజిన్‌కు పుల్ల పెట్టి చూసే పనే లేదు. ఆ అలవాటుతోనే మన పెద్దలు ఫోర్ స్ట్రోక్‌కు మారినారు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చినప్పుడు విళంబరం గుర్తుందా? నింపు, మూయి, మరిచిపో అని. వాళ్లు చెప్పింది పెట్రోలు గురించి. మనము ఆయిల్‌ను కూడా మరిచిపోయినాము. 2015లో ఎక్స్‌ఎల్ కూడా 100 అయి ఫోర్ స్ట్రోక్ వచ్చేసింది. అయినా టమాటా బుట్టలు, పాల క్యానులు కట్టుకొని పాలక్కోడు సంతకు పోయే అన్నలను అడిగి చూడండి, పుల్ల ఎక్కడుందో చూపించేవాళ్లు ఎంతమందని.

"మెకానిక్ చూసుకుంటాడు" అంటారు. ఆయన చూసేది మూడు నెలలకో నాలుగు నెలలకో ఒకసారి. నడుమ కాలిపోయేదాన్ని, కారిపోయేదాన్ని చూడాల్సింది తోలేవాడే. పాత బండి ఆయిల్ తాగుతుంది. బరువు మోసే బండి, ఘాటు ఎక్కే బండి ఇంకా తాగుతుంది. పైగా గాలితో చల్లబడే ఈ ఇంజిన్లలో వేడిని మోసుకుపోయే పనిలో ఆయిల్‌కు పెద్ద పాలు ఉంది. మెకానిక్‌లను తప్పు పట్టేదానికి నాకు మొకం లేదు, నేర్పిన తప్పు నాది. కానీ మా ఊరి దగ్గర ఒక షెడ్డులో మొన్న నేనే చూసినాను, సైడ్ స్టాండు మీద ఉన్న బండికి పుల్ల బిగించి చూసి "ఫుల్లు" అన్నాడు పిల్లవాడు. ఒక తప్పు ఎక్కువ చూపిస్తే ఇంకో తప్పు తక్కువ చూపించింది, రెండూ కలిసి ఏమి చెప్పినాయో ఆ దేవునికే ఎరుక.

పుల్ల తీసినప్పుడు రంగు కూడా చూడండి. నల్లబడితే భయం లేదు, కానీ మార్చే గడువు చూసుకోండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. 2024 డిసెంబరులో ఫెంజల్ తుపాను వానకు ఊత్తంగరైలో బండ్లు కొట్టుకుపోయినది టీవీలో చూసినాము. అట్ల మునిగిన బండిని కిక్కు కొట్టి చూడొద్దు. ముందు పుల్ల తీసి చూడండి, నీళ్లుంటే ఆయిల్ మార్చించినాకే స్టార్టు చేయండి. ఇంకొకటి, కారుకు పోయగా మిగిలిన ఆయిల్ బైకులో పోయకండి. బైకులో క్లచ్ ఆ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ జారుడు ఎక్కువైతే క్లచ్ పట్టదు. డబ్బా మీద జేసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా చూసుకోండి.

పోయిన కమిటీ కూటంలో నేను ఇది ఎత్తినాను. ఉగాదికి శాలువాలకు, మెమెంటోలకు పెట్టే డబ్బులో కొంత తీసి, ఒక ఆదివారం మన బండ్లన్నీ తెచ్చి అందరికీ ఆయిల్ చూసేది నేర్పుదాము అన్నాను. ఒక పెద్దాయన నవ్వి, "మనది తెలుగు సంఘమా, మెకానిక్ సంఘమా?" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ నా ఆలోచన వేరే. మన పిల్లలు తమిళంలో చదువుతారు, బండి పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఈ మూడింటి నడుమ ఒక ముఖ్యమైన సంగతి జారిపోయి మా బామ్మర్ది తొప్పూరు ఘాటులో చక్రం పట్టేసి నిలబడినాడు. పద్యం నేర్పే నోటితోనే ఇది కూడా నేర్పితే మన తెలుగుకు ఏమీ తరుగు రాదు. మన యాసలో, మన వాకిట్లో, మన పిల్లలకు. శాలువా కప్పించుకున్నవాళ్లలో కూడా సగం మంది బండి మీదే ఇంటికి పోతారు.

కమిటీ ఒప్పుకున్నా ఒప్పుకోకున్నా, వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు మా ఇంటి వాకిట్లో నేను ఉంటాను. నేల సమంగా ఉంది, మట్టపలక పెట్టి చూసినాను. ఒక నూలు గుడ్డ, బండి పుస్తకం తెచ్చుకోండి. పుస్తకం పోయుంటే పరవాలేదు, బండి పేరు, ఏ సంవత్సరం మోడలో కామెంటులో పెట్టండి, నేను వెతికి పెడతాను. అక్కాచెల్లెళ్లు స్కూటీలు కూడా తీసుకురండి, వాటికీ పుల్ల ఉంటుంది. తెలుగు చదవరాని మన పిల్లల కోసం ఇదంతా వాయిస్‌గా కూడా గ్రూపులో పెడుతున్నాను.

మా బామ్మర్ది అందరికంటే ముందు వస్తానన్నాడు. బండి ఇంకా షెడ్డులోనే ఉంది, బస్సులో వస్తాడు.