యూఎస్‌బీ కార్డు కొంటున్నారా? 7 పోర్టుల మోజులో పడకండి

పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి యూఎస్‌బీ పోర్టులు ఎప్పుడూ సరిపోవు. కీబోర్డు, మౌస్, ప్రింటర్, వైఫై డాంగుల్ పెట్టేసరికి వెనకాల ఖాళీ ఉండదు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టాలంటే వీటిలో ఏదో ఒకటి పీకాల్సిందే. అందుకే చాలామంది మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో పెట్టే యూఎస్‌బీ కార్డు కొంటారు. నేనూ కొన్నాను. కాకపోతే తప్పు కార్డు కొన్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఎక్స్1 స్లాట్‌లో పెట్టే 7 పోర్టుల కార్డు వద్దు. 4 పోర్టులు, దాంతోపాటు సాటా పవర్ కనెక్టర్ ఉన్నది తీసుకోండి.

నాది ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు. ఈ చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3.0 లేదు. ఇంటెల్ దాన్ని చిప్‌సెట్‌లోనే ఇవ్వడం 2012లో వచ్చిన 7 సిరీస్‌తో మొదలైంది. యూఎస్‌బీ 2.0 మీద సెకనుకి 35 ఎంబీ వస్తే గొప్ప. అంటే 100 జీబీ కాపీ అవ్వడానికి ముప్పావు గంట పైనే. అదే డిస్క్ యూఎస్‌బీ 3.0లో పెడితే పావుగంటలో అయిపోతుంది. కార్డు కొనడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఆన్‌లైన్‌లో 4 పోర్టుల కార్డు, 7 పోర్టుల కార్డు దాదాపు ఒకే రేటుకి కనిపించాయి. మనకి లెక్క తెలుసు కదా, 4 కంటే 7 ఎక్కువ! పైగా దానికి పవర్ కేబుల్ పెట్టే పనే లేదు, ఇంకా సుఖం అనుకున్నా. అక్క పెళ్లి ఫోటోలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచి ఇంకో దానిలోకి కాపీ పెట్టి, ఫోన్ కూడా అదే కార్డుకి ఛార్జింగ్ పెట్టాను. డిస్క్ టిక్‌మని ఆగిపోయింది. మళ్లీ కనెక్ట్ అయ్యాక చూస్తే కొత్త డిస్క్‌లో ఫోల్డర్ తెరుచుకోలేదు. కట్ చేయకుండా కాపీ చేశాను కాబట్టి ఒరిజినల్స్ మిగిలాయి. కట్ చేసి ఉంటే అక్కకి ఏం చెప్పేవాడినో ఆలోచించడానికే భయమేస్తోంది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. యూఎస్‌బీ 3.0 పోర్టు ఒక్కోటి 5 వోల్టుల దగ్గర 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి, అంటే 4.5 వాట్లు. 7 పోర్టులకి 31.5 వాట్లు. కానీ ఎక్స్1 స్లాట్ నుంచి కార్డు మామూలుగా తీసుకోగలిగేది 10 వాట్లే. అసలు ఆ స్లాట్‌లో 5 వోల్టుల లైనే ఉండదు. ఉండేవి 12, 3.3 వోల్టులు. వాటినే కార్డు 5 వోల్టులుగా మార్చుకోవాలి. మౌస్, పెన్ డ్రైవ్ వరకూ సరే. రెండు హార్డ్ డిస్క్‌లు, ఒక ఫోన్ పెడితే చేతులెత్తేస్తుంది.

మరి సాటా పవర్ కేబుల్ ఇస్తే? ఆ కనెక్టర్ 5 వోల్టుల లైన్ మీద 4.5 ఆంపియర్లు, అంటే 22.5 వాట్లు ఇవ్వగలదు. 4 పోర్టులకి కావాల్సింది 18 వాట్లు. హాయిగా సరిపోతుంది. 7 పోర్టులన్నీ పూర్తిగా వాడితే అప్పుడు కూడా చాలదు.

డేటా సంగతీ అంతే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 ఎక్స్1 దారిలో సెకనుకి గరిష్ఠంగా 500 ఎంబీ వెళ్తుంది, అదీ కాగితం మీద. కార్డు మీద ఎన్ని పోర్టులున్నా అందరూ పంచుకోవాల్సింది అదే. ఇలాంటి కార్డుల్లో ఎక్కువగా కనిపించే రెనెసాస్ యూపీడీ720201, వయా వీఎల్805 చిప్‌లు రెండూ 4 పోర్టులవే. రాస్‌బెరీ పై 4లో ఉన్నది కూడా వీఎల్805నే. అలాంటి చిప్‌తో 7 పోర్టులు ఇవ్వాలంటే లోపల ఇంకో హబ్ చిప్ అతికించాలి. అంటే మీరు కొనేది ఒక కార్డు, దాని మీద ఒక హబ్.

"అయితే బయట హబ్ కొంటే పోలా?" అంటారు. కీబోర్డు, మౌస్‌లకి అయితే నిజంగానే చాలు. కానీ యూఎస్‌బీ 2.0 పోర్టుకి ఎంత మంచి హబ్ పెట్టినా స్పీడు పెరగదు. "అంత పాత పీసీకి ఖర్చెందుకు, మార్చేయొచ్చుగా?" అనేవాళ్లూ ఉంటారు. ఎస్ఎస్‌డీ వేసిన పాత పీసీ ఇప్పటికీ చదువుకి, ఆఫీసు పనికి, బ్యాకప్‌లకి బాగానే పనికొస్తుంది. ఒక్క పోర్టు కోసం మొత్తం పీసీ మార్చడం దండగ అనేది నా మాట.

కొనే ముందు ఇవి చూసుకోండి. ఎక్స్1 స్లాట్ ఖాళీగా ఉందా, లేక గ్రాఫిక్స్ కార్డు దాన్ని కప్పేసిందా? ఎక్స్1 కార్డు పొడవాటి ఎక్స్4, ఎక్స్16 స్లాట్‌లో కూడా పనిచేస్తుంది. ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి సాటా పవర్ వైరు ఒకటి మిగిలి ఉందా? లేదని మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవక కన్వర్టర్లు వాడకండి, వేడెక్కి కాలిపోయిన సందర్భాలున్నాయి. విండోస్ 8 నుంచి యూఎస్‌బీ 3.0 డ్రైవర్ ఓఎస్‌లోనే ఉంటుంది, లైనక్స్‌లోనూ ఉంది. విండోస్ 7 అయితే విడిగా వేసుకోవాలి. కార్డు పెట్టేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. కీబోర్డు మాత్రం మదర్‌బోర్డు పోర్టుకే ఉంచండి, ఎందుకంటే పాత బోర్డుల్లో కార్డు పోర్టులు బయోస్ దగ్గర పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు నా దగ్గర 4 పోర్టుల కార్డు ఉంది, సాటా వైరుతో. రెండు డిస్క్‌లు, ఒక కార్డ్ రీడర్, ఇంకో పోర్టు ఖాళీ. ఫోన్ మాత్రం గోడకున్న ఛార్జర్‌కే పెడుతున్నా. పెళ్లి ఫోటోలు రెండు డిస్క్‌ల్లోనూ ఉన్నాయి, ఒక్కోటి తెరిచి చూసుకున్నాను కూడా.