క్లాంప్ మీటరు చూసి డబ్బు కట్టొద్దు

ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు తీరంలో రొయ్యల గుంటలు నడిపే ప్రతి రైతుకూ ఈ మాట వెంటనే చేరాలి. కరెంటు బిల్లు సగానికి సగం తగ్గిస్తామంటూ ‘పవర్ సేవర్’ పెట్టె తెచ్చి, దాంతోపాటు ల్యాబ్ రిపోర్టు చూపించేవాళ్లకు పైసా అడ్వాన్సు ఇవ్వకండి. రాత్రంతా ఏరియేటర్లు తిప్పక తప్పని మనకు బిల్లు ఎంత బరువో వాళ్లకు బాగా తెలుసు.

వాళ్లు చూపించేది ఇదీ. మోటారు వైరుకు క్లాంప్ మీటరు తగిలిస్తారు. 5 ఆంపియర్లు. పెట్టె ఆన్ చేయగానే 3.7. నలుగురూ తల ఊపుతారు. మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ మన బిల్లు ఆంపియర్లను బట్టి రాదు. 230 వోల్టుల మీద 5 ఆంపియర్లు లాగే సింగిల్ ఫేజ్ మోటారు పవర్ ఫ్యాక్టర్ 0.7 అనుకుంటే, అది తినేది 805 వాట్లు. పెట్టెలోని కెపాసిటర్ పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు పెంచితే ఆంపియర్లు 3.7కు దిగుతాయి, వాట్లు మాత్రం అలాగే ఉంటాయి. యూనిట్లు లెక్కబెట్టే మీటరు ఎప్పటిలాగే తిరుగుతుంది. అయితే వాట్లకు బదులు వోల్టులు, ఆంపియర్ల గుణింతాన్ని లెక్కించే కేవీఏహెచ్ పద్ధతిలో బిల్లు వేసేచోట కెపాసిటర్‌తో నిజంగానే పని ఉంది. అలాంటప్పుడు మోటారుకు తగిన కెపాసిటర్ ఎలక్ట్రికల్ షాపులో కొనుక్కోవచ్చు, మాయపెట్టె అక్కర్లేదు.

వోల్టేజీ తగ్గించే పెట్టెలు ఇంకా ప్రమాదం. వోల్టేజీ పడితే మోటారు బలం తగ్గుతుంది, వేడెక్కుతుంది, చక్రం నెమ్మదిస్తుంది. తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీవో) బాగా పడిపోయే వేళకు అలా జరిగితే రొయ్యలు పైకి తేలతాయి. ఆదా అయిన యూనిట్లు ఆ పంటను తిరిగి ఇవ్వవు.

‘స్వతంత్ర సంస్థ పరీక్షించింది’ అన్న మాటకు చదువుకున్నవాళ్లూ పడిపోతారు. ఇటలీకి చెందిన ఆండ్రియా రోసీ ‘ఈ-క్యాట్’ యంత్రాన్ని 2014లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో 32 రోజులు నడిపి చూశారు. ఇచ్చిన కరెంటుకు మూడు రెట్లకు పైగా వేడి వచ్చిందని ప్రొఫెసర్లే సంతకాలు పెట్టారు. అయితే ఇంధనం వేసేటప్పుడూ, తీసేటప్పుడూ రోసీ చేయి పడింది. వేడిని నేరుగా పట్టి కొలవలేదు, థర్మల్ కెమెరాతో ఉష్ణోగ్రత చూసి లెక్కగట్టారు. కెమెరాకు ఇచ్చిన ఒక్క విలువ తప్పితే లెక్కంతా ఉబ్బిపోతుందని విమర్శకులు చూపించారు. కోటి డాలర్లకు పైగా పెట్టిన అమెరికా కంపెనీ, తమ చేతిలో ఆ ఫలితం రాలేదంది. కోర్టుకెక్కిన ఆ గొడవ 2017లో రాజీతో ముగిసింది. సంతకం ఎవరిదని అడిగితే చాలదు. యంత్రాన్ని ఎవరు ముట్టుకున్నారు, ఏం కొలిచారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఇవి అడగాలి.

మన కృష్ణపట్నం సంగతే చూడండి. 2021లో కరోనాకని ఆనందయ్య పంచిన మందు వల్ల హాని లేదని కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలి తేల్చింది. కరోనా తగ్గుతుందనడానికి ఆధారం లేదని కూడా చెప్పింది. జనం మొదటి మాటే పట్టుకున్నారు. ఈ పెట్టెల రిపోర్టుల్లోనూ అదే జరుగుతోంది. షాక్ కొట్టదని ఇచ్చిన సర్టిఫికెట్‌ను కరెంటు ఆదాకు రుజువుగా చూపిస్తారు. ఐఎస్ఓ 9001 అన్నది కంపెనీ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది, పెట్టె పనితనానికి కాదు. ఆ ల్యాబ్ ఫోను నంబరు రిపోర్టులోంచి తీసుకోకండి. ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ వెబ్‌సైటులో వెతికి, ఆ రిపోర్టు మీరే ఇచ్చారా, అందులో ఏం కొలిచారు అని అడగండి.

అయినా నమ్మకం కుదిరితే పరీక్ష మీ గుంట మీదే పెట్టించండి. అమ్మేవాడు ముట్టుకోని చెక్ మీటరు ఉండాలి. అదే గుంట, అవే ఏరియేటర్లు, అన్నే గంటలు. ఒక వారం పెట్టెతో, ఒక వారం పెట్టె లేకుండా, అలా రెండు మూడు విడతలు. పెట్టె ఆన్‌లో ఉందో లేదో రీడింగ్ రాసే కుర్రాడికి తెలియకూడదు. యూనిట్లతోపాటు తెల్లవారుజాము డీవో కూడా రాయించండి. దీనికి ఒప్పుకోనివాణ్ణి గట్టు మీద నుంచే పంపేయండి.

ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఈ రాత్రికి ఏరియేటర్లు వేసేలోపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీయించండి. రసీదు, రిపోర్టు కాపీ, వాట్సాప్‌లో వాళ్లిచ్చిన హామీలు భద్రంగా ఉంచి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించండి.