నా గుర్రం ఏడుంది?

మలక్‌పేట మెట్రో స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా ఫ్లాట్. నెలకు రెండు ఆదివారాలు సాయంత్రం అయిదింటికి హాల్లో టీపాయ్ చుట్టూ అయిదుగురం చేరతాం. ఇరానీ హోటల్ నుంచి ఫ్లాస్కులో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, పెన్సిళ్లు, కాగితాలు, 20 ముఖాల పాచిక ఒకటి. ఫోన్లన్నీ టీవీ పక్కన బుట్టలో పడేస్తాం. (ఇది ఫోన్‌లోనే చదువుతున్న మీకు చెప్పడం కాస్త ఇబ్బందిగానే ఉంది.) మేం ఆడేది టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్. అందులో నేను గేమ్ మాస్టర్‌ని.

'స్ట్రేంజర్ థింగ్స్' మొదటి ఎపిసోడ్ గుర్తుందా? నలుగురు పిల్లలు ఇంట్లో కూర్చుని గోల గోలగా ఆడతారే, అదే ఇది. గేమ్ మాస్టర్ ఒక పరిస్థితి చెబుతాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. "ఇదీ సంగతి. ఏం చేస్తావ్?" అని అడగడం నా పని. చెప్పడం వాళ్ల పని. అది జరుగుతుందో లేదో డౌట్ ఉంటే పాచిక వేస్తాం. ఆట మొత్తం ఇంతే.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పటి నుంచి ఇది ప్రపంచమంతా పాకింది. గేమ్ మాస్టర్ అనే కుర్చీ మాత్రం అంతకంటే పాతది. 1824 ప్రాంతంలో ప్రష్యా సైన్యంలో అధికారులకు శిక్షణ కోసం క్రీగ్‌స్పీల్ అనే యుద్ధం ఆట ఆడించేవారు. మధ్యలో ఒక అంపైర్ ఉండేవాడు. రూల్స్ పుస్తకం తిరగేస్తూ కూర్చుంటే యుద్ధం కదలడం లేదని, తర్వాత్తర్వాత అనుభవం ఉన్న అంపైర్ తీర్పుకే ఎక్కువ విలువిచ్చారు. అంటే పుస్తకంలో లేనిదాన్ని అక్కడికక్కడ తేల్చే మనిషి కావాలన్నమాట.

నాకు ఇది తెలిసే సరికి ఆలస్యమైంది. నేను బ్యాక్‌ఎండ్ కోడ్ రాసుకునే వాణ్ణి. ఆటను కూడా ఫ్లోచార్ట్‌లా రాశాను. ఇలా అయితే అటు, అలా అయితే ఇటు. ప్రొడక్షన్‌లో యూజర్ చేసే పని ఏ టెస్ట్ కేసులోనూ ఉండదని ఆఫీసులో రోజూ చూస్తూ కూడా!

కథకు మన ఊరినే తీసుకున్నా. 1908 సెప్టెంబర్ 28, మూసీ వరద. హైదరాబాద్ చరిత్రలో అంత భయంకరమైన రోజు ఇంకోటి లేదంటారు. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రిలో ఉంది, వెళ్లి చూడొచ్చు. నా ప్లాన్ సింపుల్. ముందు రాత్రి వాన మొదలవ్వాలి, తెల్లారేసరికి నలుగురు పాత్రలూ చెట్టు మీదకు చేరాలి, అక్కడ అసలు కథ. ఇరవై పేజీలు రాసుకున్నా.

ఒకామె నర్సు. ఒకరు గంజ్‌లో ధాన్యం వ్యాపారి. ఒకరు విద్యార్థి. ఇంజినీరింగ్ నుంచి నా దోస్తు ఒకడు జట్కా తోలేవాడు. వాడి గుర్రానికి కూడా కథ చెప్పాడు. మలక్‌పేట రేస్‌కోర్సులో ఒకప్పుడు పరుగెత్తిందట, కాలు దెబ్బతింటే తక్కువ ధరకు అమ్మేశారట, వీడు కొన్నాడట. రేస్‌కోర్సు ఇక్కడికి 1886లో వచ్చింది కాబట్టి లెక్క సరిపోయింది. నేను నోట్ చేసుకోలేదు. నా ఇరవై పేజీల్లో గుర్రం లేదు మరి.

నీళ్లు పెరుగుతున్నాయని చెప్పగానే వాడు అడిగాడు: "నా గుర్రం ఏడుంది?"

"చాదర్‌ఘాట్ దగ్గర కట్టేసి ఉంది. దారంతా నీళ్లు."

"పోతా."

"గోడ కూలింది. పోలేవు."

"సందులకెళ్లి పోతా."

"సందులో నడుం లోతు నీళ్లు. వెనక్కి తోసేశాయి. అదిగో, చింతచెట్టు కనిపిస్తోంది..."

మూడోసారి వాడు పాచిక టీపాయ్ మీద పెట్టేశాడు. "అంతా నువ్వే చెప్పెయ్ రా. మేం ఊ కొడతం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వా. చిన్నప్పుడు నానమ్మ కథ చెబుతుంటే మనం చేసిన పని అదే కదా, ఊ కొట్టడం. ఆపేస్తే నిద్రపోయాడని కథ ఆపేసేది. వాడు ఆ రోజు చెట్టు ఎక్కాడు, చివరి దాకా ఉన్నాడు, వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు.

రెండు నెలల తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. సరిగ్గా ఆ వారమే వాడి ఉద్యోగం పోయింది. పావుగంట వీడియో కాల్, అంతా ముందే డిసైడ్ అయిపోయింది, వీడు "ఓకే" అనడం తప్ప ఏమీ లేదు. ఇంట్లో చెప్పలేదు, మాకూ చెప్పలేదు. ఆదివారం ఆటకు మాత్రం వచ్చాడు. వచ్చి ఒక్క గుర్రం అడిగాడు. నేను మూడు గోడలు కట్టాను.

ఈ పనికి ఆటలో ఒక పేరుంది, రైల్‌రోడింగ్. పట్టాలు వేసేసి బండిలో కూర్చోబెట్టడం. తప్పు చేసేది దాదాపు ఎప్పుడూ బాగా ప్రిపేర్ అయిన గేమ్ మాస్టరే. రాసుకున్నది వేస్ట్ అవుతుందని మనసు ఒప్పదు. అలాగని ఏది అడిగితే అది ఇచ్చేసినా ఆట చస్తుంది. గుర్రం వెంటనే పక్కన ప్రత్యక్షమైతే వరద ఎందుకు? ఆటగాడికి కావాల్సింది గెలుపు కాదు. ప్రమాదం ఎంతో ముందే తెలియాలి, దూకాలో వద్దో తనే తేల్చుకోవాలి, దాని ఫలితం నిజంగా జరగాలి. గైడ్ చేయడమంటే నాకిప్పుడు అర్థమైంది ఇదే. గొంతు పెద్దది ఉన్నవాళ్లను కాస్త ఆపి, మాట్లాడనివాళ్ల వైపు తిరిగి అడగడం కూడా ఇందులో భాగమే. మా వ్యాపారి గారికి మైక్ ఇస్తే దించడు, అది వేరే సంగతి.

వాడికి మెసేజ్ పెట్టాను. సారీ అని నాలుగు లైన్లు టైప్ చేసి చెరిపేశా. చివరికి పంపింది ఇంతే: "గుర్రం ఇంకా చాదర్‌ఘాట్‌లోనే కట్టేసి ఉంది. ఆదివారం వస్తావా?"

రాత్రి ఒంటిగంటకు రిప్లై వచ్చింది. "దానికి గడ్డి వేసిన్రా?"

వచ్చాడు. ఉద్యోగం గురించి ఎవరమూ ఎత్తలేదు. కథను గోడ కూలక ముందుకు తీసుకెళ్లా. ఈసారి నోట్‌బుక్ మూసేసి, లెక్క ముందే చెప్పా. "15 గానీ పైన గానీ పడితే గుర్రం దొరుకుతుంది, దారి కూడా ఉంటుంది. 8 నుంచి 14 పడితే గుర్రం దొరుకుతుంది, వెనక్కి వచ్చే దారి ఉండదు. 7 గానీ తక్కువ గానీ పడితే వరద నిన్నే పట్టుకుంటుంది. ఛాన్స్ నూటికి 30 మాత్రమే. పోతావా?"

"పోతా."

పాచిక బిస్కెట్ ప్లేటుకు తగిలి ఆగింది. 9.

"గుర్రం దగ్గరకు చేరావ్. నిన్ను చూసి సకిలించింది. నువ్వొచ్చిన సందు వెనకాల మునిగిపోయింది. ఏం చేస్తావ్?"

చాలాసేపు మాట్లాడలేదు. నేనూ తొందర పెట్టలేదు. కొత్త గేమ్ మాస్టర్లకు అన్నిటికంటే కష్టం ఇదే అనుకుంటా, ఆ నిశ్శబ్దాన్ని మన మాటలతో నింపకుండా ఉండటం.

"జట్కా ఇడిచిపెడ్తా. బండి పోతే పోనీ. గుర్రం తాడు కోసేసి దాని మెడ పట్టుకుంటా. అది ఈదుతది."

అప్పటికే చెట్టు మీదున్న మిగతా ముగ్గురికీ చెప్పా: నీళ్లలో దూరంగా ఒక గుర్రం తల కనబడుతోంది, పక్కన ఒక మనిషి చెయ్యి. నాకు దీని తర్వాత ఏముందో తెలీదు. ఒక్క పేజీ కూడా రాసుకోలేదు.

"ఆగాగు," అంది నర్సు. "నా దగ్గర ఆసుపత్రి దుప్పట్లు ఉన్నాయని రాసుకున్నా కదా? వాటిని ముడేసి తాడులా విసురుతా."

"ఎంత పడాలి?" అని అడుగుతూనే పాచిక అందుకుంది.