కప్పు గెలవని గురువు

మేము ఈ హాస్టల్లో ఉన్న రోజుల్లో ఆటల పీరియడ్ అంటే కబడ్డీ, వాలీబాల్, ఖోఖో. ఫుట్‌బాల్ మాకు తర్వాత పరిచయమైంది. డిగ్రీ చదివేటప్పుడు 2022 ప్రపంచ కప్ మ్యాచ్‌లను నలుగురం ఒకే ఫోన్ చుట్టూ చేరి చూశాం. పాత ప్రపంచ కప్పుల కథలు వెతుకుతుంటే బోరా మిలుటినోవిచ్ అనే కోచ్ పేరు కనిపించింది. ఆయన ఒక్క ప్రపంచ కప్ కూడా గెలవలేదు. అయినా ఈ సంచికకు ఆయన గురించే రాయాలనుకున్నాం.

1944లో నాటి యుగోస్లావియాలో పుట్టిన బోరా చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని బంధువుల ఇంట పెరిగాడు. ఆటగాడిగా ఫ్రాన్స్‌కు, అక్కడి నుంచి మెక్సికోకు వెళ్లాడు. కోచ్‌గా వరుసగా ఐదు ప్రపంచ కప్పుల్లో ఐదు వేర్వేరు దేశాలను నడిపించాడు. 1986లో మెక్సికో క్వార్టర్ ఫైనల్ చేరి పశ్చిమ జర్మనీ చేతిలో పెనాల్టీలలో ఓడింది. 1990లో కోస్టారికాకు అదే మొదటి ప్రపంచ కప్. టోర్నీకి కొద్ది నెలల ముందే బాధ్యత తీసుకున్నాడు. ఆ చిన్న దేశం స్కాట్లాండ్‌ను, స్వీడన్‌ను ఓడించి రెండో దశకు చేరింది. 1990లో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిన అమెరికా, 1994లో ఆయన చేతికి వచ్చాక కొలంబియాను 2-1తో ఓడించి ముందుకు వెళ్లింది. 1998లో నైజీరియా 3-2తో స్పెయిన్‌ను ఓడించింది.

ఓటములు లేవా? ఉన్నాయి. అదే నైజీరియా తర్వాతి దశలో డెన్మార్క్ చేతిలో 1-4తో చిత్తయింది. మెక్సికోను 1998 ప్రపంచ కప్‌కు అర్హత సాధించేలా చేసినా, టోర్నీకి ముందే అక్కడి వాళ్లు ఆయన్ను తీసేశారు. 2002లో చైనాను తొలిసారి ప్రపంచ కప్‌కు చేర్చాడు. అక్కడ మూడు మ్యాచ్‌లూ ఓడారు, ఒక్క గోల్ కూడా కొట్టలేదు. కప్పులే లెక్క పెడితే బోరా ఫెయిలైన కోచ్. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడిదాకా తీసుకెళ్లాడో చూస్తే మాత్రం లెక్క మారిపోతుంది.

మేము చెప్పదలచుకున్నది ఇదే. ఏటా వార్షికోత్సవం నాడు ర్యాంకులు వచ్చిన వాళ్లనే వేదిక మీదకు పిలుస్తాం. శాలువా వాళ్లకే, ఫ్లెక్సీ మీద ఫొటో వాళ్లదే. వాళ్ల కష్టాన్ని మేము కాదనం. కానీ అమ్మానాన్నల వెంట వలసపోయి, సగం ఏడాది పత్తి చేలలో గడిపి, మళ్లీ బడికొచ్చి సప్లిమెంటరీలో పది గట్టెక్కిన తమ్ముడి పేరు మైకులో ఎవరూ చదవరు. మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే. మా మార్కుల జాబితా చూసి "ఇంతేనా?" అన్నవాళ్లున్నారు. వేలిముద్ర వేసే ఇంటి నుంచి సంతకం పెట్టే దాకా ఎంత దూరం నడిచామో ఆ జాబితాలో ఉండదు.

"ఉద్యోగాలకు మార్కులే అడుగుతారు కదా" అని కొందరంటారు. నిజమే. బయటి లోకం కొలత మన చేతిలో లేదు. మన వేదిక మన చేతిలో ఉంది.

ఇంకొక్క మాట. 2002లో బోరా నడిపిన చైనాను మొదటి మ్యాచ్‌లో 2-0తో ఓడించింది కోస్టారికానే. ఆ జట్టు కోచ్ అలెగ్జాండర్ గిమరాయిష్, 1990లో బోరా దగ్గర ఆడిన ఆటగాడు. శిష్యుడు అంతటివాడు కావడం కంటే గురువుకు ఏ కప్పు కావాలి?

అందుకే వార్డెన్ గారికి, పూర్వ విద్యార్థి అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. ఈ ఏడాది ర్యాంకర్ల పక్కన ఇంకో కుర్చీ వేయండి. ఎక్కువ దూరం నడిచి వచ్చిన తమ్ముడినో చెల్లినో పిలిచి అందులో కూర్చోబెట్టండి. చప్పట్లు కొట్టే బాధ్యత మాది.