గోడ కెక్కిన చేట

గత సంవత్సరము మన పాఠశాలలో జరిగిన చేతిపనుల ప్రదర్శనమునందు మొదటి బహుమానము ఒక చేటకు వచ్చినది. మంచి వెదురుచేటయే. దానికి ఎఱ్ఱరంగు పూసి, తెల్లరంగుతో ముగ్గు వ్రాసి, అంచున అద్దపుబిళ్ళ లంటించి, గోడకు తగిలించుటకై పైన త్రాడు కట్టిరి. చూచిన తలిదండ్రులందఱును మెచ్చుకొనిరి, మేమును మెచ్చుకొంటిమి. ఇంటికి పోవుచుండగా మాకొక సంగతి తోచినది. ఆ చేటతో ఇక బియ్యము చెఱుగుటకు వీలులేదు. రంగు గింజల కంటును; అద్దము లూడి బియ్యములో పడును. మఱియొక సంగతియు తోచినది. ఆ చేట నల్లిన మేదర స్త్రీ పేరు ప్రదర్శనశాలలో నున్న వారి కెవరికిని తెలియదు. బహుమానము పొందిన బాలికను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. బహుమాన మిచ్చినవారిలో మేమును ఉంటిమి గదా.

పాతవస్తువులతో ఇండ్ల నలంకరించుకొనుట యిప్పుడు వేడుకయైనది. తాతల నాటి ఊరగాయజాడీలు, ఇత్తడిబిందెలు, దీపపుసెమ్మెలు, భోషాణములు పట్టణములలోని క్రొత్త యిండ్ల ముందుగదులలో కొలువు తీరియున్నవి. కొన్ని యేండ్లక్రిందట వీనినే తూకమునకు అమ్మివేసి ప్లాస్టికు బిందెలు కొంటిమి. నేడు వానినే హెచ్చుధర కిచ్చి తెచ్చుకొనుచున్నాము. ఇది చూచి నవ్వువారు కలరు. మేము నవ్వము. పాతవస్తువు కొలిమిలో కరగిపోవుట కంటె ఇంటిలో నుండుట మేలు. మాలో ఒకరి వసారాలో కూడ పాత లాంతరొకటి వ్రేలాడుచున్నది. దానిలో కిరసనాయిలు పోసి యెన్ని యేండ్లైనదో చదువరులు అడుగకుందురు గాక. మేము చెప్పదలచిన దింతమాత్రమే: పనిచేయగల వస్తువును బొమ్మగా నిలబెట్టినంతమాత్రమున దానిని కాపాడినట్లు కాదు. దానిని చేయుటయు, వాడుటయు, బాగుచేయుటయు ఎఱిగిన చేతులను కూడ నిలుపుకొనవలెను.

ఇత్తడిగిన్నెల సంగతియే చూడుడు. అవి వంటయింటినుండి ముందుగదికి ఏల వచ్చినవి? పులుపు తగిలిన ఇత్తడి చిలుమెక్కును. అందులో వండిన చారు కడుపునకు చెఱుపు చేయును. అందుచేత గిన్నె లోపల తగరపుపూత వేయించుచుండిరి. కళాయివాడు వీధిలో చిన్నకొలిమి పెట్టి, గిన్నెను బాగుగ కాచి, నవాసారము చల్లి, తగరమును గుడ్డతో త్రిప్పి రుద్దగా లోపలిభాగము వెండివలె తెల్లనయ్యెడిది. పిల్లలు చుట్టును మూగి చూచుచుండెడివారు. కళాయివాడు వీధికి వచ్చుట మానినపిమ్మట గిన్నె పొయ్యి దిగినది. దానిని మనము అలంకారమని పిలుచుచున్నాము గాని, నిజమునకు అది పనిపోయిన వస్తువు.

చేటకును ఇట్టి సేవయే కలదు. క్రొత్త చేట తేగానే తల్లులు నానిన కాగితపుగుజ్జును మెంతిపిండితో నూఱి దాని కలికి యెండబెట్టెడివారు. వెదురుసందులు మూసికొని, నూకలు జాఱక, చేట చాలకాలము మన్నెడిది. దానిమీద చేతివ్రేళ్ళ గుఱుతులు అలలవలె నిలిచియుండెడివి. అదియు అలంకారమే, అయితే పనిని చెఱుపని యలంకారము.

ఇక మన తీరపు సంగతి. మైపాడు మొదలు ఉత్తరముగా పోయినను దక్షిణముగా పోయినను, ఇసుకనేలలలో తాడిచెట్లకు కొదువలేదు. పూర్తిగా విప్పుకొనని లేతాకును కోసి, ఈనెలు తీసి, ఆరబెట్టి, అల్లుటకు ముందు మరల నీటిలో తడుపుదురు. తడియని యాకు మడత పెట్టగానే పగులును. బుట్ట యడుగు నల్లుట నేర్చినవానికి తక్కినది ఓపిక పనియే. మన చేతిపనుల గంటలో దీనిని నేర్పుటలేదు. అంగడినుండి తెచ్చిన థర్మోకోలు పలకలను కత్తిరించి, మెఱుపుపొడి చల్లి, కోటలు కట్టించుచున్నాము. అలంకారమునకు వాడు థర్మోకోలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడిన వస్తువులలో నొకటి యని పిల్లలకు చెప్పవలసినవారము మనమే. గవ్వలపటములు కట్టు బాలురకు కూడ ఒకమాట. ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన చిన్నగవ్వల నేరుకొనుట వేఱు, అంగడిలో పెద్దశంఖములు కొనుట వేఱు. కొన్నిజాతుల శంఖములు వన్యప్రాణిసంరక్షణ చట్టముచే రక్షింపబడినవి.

మన జిల్లా మెట్టసీమలో ఉదయగిరి కొయ్యచెంచాలకు పేరుపొందినది. ఆ చుట్టుప్రక్కల కొండలలో దొరకు కొయ్యతో గరిటెలు, చెంచాలు చేతిపనిముట్లతో చెక్కుదురు. వానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. బంధువులకు బహుమానముగ నిచ్చుటకు మనము వానిని సంతోషముతో కొందుము. పుచ్చుకొన్నవారు అద్దాలబీరువాలో దాచుదురు. కొయ్యచెంచాను నీళ్ళలో నాననీయక, వెంటనే కడిగి నీడన ఆరబెట్టి, అప్పుడప్పుడు కొంచెము నూనె రాచినచో, దానితో చాలకాలము అన్నము వడ్డించుకొనవచ్చును. బీరువాలోని చెంచా అరుగదు; అరుగని చెంచాకు రెండవచెంచా ఎవరు కొందురు?

పల్లిపాడులో పెన్నయొడ్డున గాంధీమహాత్ముడు 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన సత్యాగ్రహాశ్రమము మనకు దూరము కాదు. నూలు వడకుట నాడు దేశసేవ. నేడు అఱచేతిలో నిముడు రాట్నపుబొమ్మలు బల్లలమీద కాగితములు ఎగిరిపోకుండుటకు ఉపయోగపడుచున్నవి.

ఇంతవఱకు చెప్పినది వస్తువులనుగూర్చి. మనుష్యులనుగూర్చి చెప్పుట కష్టము, అయినను చెప్పవలెను. ఈతబుట్టలల్లు ఎఱుకలవారిని 1911 వ సంవత్సరపు నేరస్థజాతుల చట్టము పుట్టుకచేతనే నేరస్థులుగా ఎంచెను. ఆ చట్టము క్రింద కావలిలో ఎఱుకలవారి సెటిల్మెంటును అమెరికను బాప్టిస్టు మిషనువారే నడిపిరి. బాడెను దొరగారు దానికి అధికారిగా నుండిరి. పని నేర్పి మనుష్యులను బాగుచేయవలెనను సంకల్పము మిషనువారికి లేకపోలేదు. కాని సెలవుచీటి లేక ఊరు దాటగూడని మనుష్యునికి నేర్పిన పని, స్వేచ్ఛగా నేర్చిన పనితో సమానము కాదు. మన నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారు మొదలగువారు ఇట్టి జాతుల పక్షమున పాటుపడిరి. 1952 లో చట్టము దేశమంతట రద్దయినది. చట్టము పోయినను సిగ్గు పోలేదు. తల్లి బుట్టలల్లునని తోడివారితో చెప్పుకొన వెఱచు పిల్లలు మనమధ్య కలరు. ఆ బుట్టనే పట్టణపు అంగడిలో దీపముక్రింద నిలిపినప్పుడు కొనువారి కెవరికిని సిగ్గులేదు. యేసు వడ్రంగి యింట పెరిగెననియు, పౌలు డేరాలు కుట్టెననియు ఆదివారమునాడు గౌరవముతో చెప్పు మనము, సోమవారమునాడు బుట్టలామెతో పదిరూపాయలకై బేరమాడుచున్నాము. ధర అచ్చువేసిన పూలకుండీ దగ్గఱ నోరెత్తము.

గోదావరిసీమలో మిషనువారి స్త్రీలు నేర్పిన లేసుపని నరసాపురమున గొప్ప పరిశ్రమయై విదేశముల బల్లల నలంకరించినది. 1982 లో మరియా మీస్ అను జర్మను విదుషి ఆ లేసుస్త్రీలనుగూర్చి పుస్తకము ప్రకటించి, వారు పగలెల్ల అల్లినను ఇంట ఊరక కూర్చున్నవారుగానే ఎంచబడుచు అతిస్వల్పమైన కూలి పొందుచున్నారని చూపెను. నేర్పుట పుణ్యకార్యమే; కూలిసంగతి విచారింపకుండుట మాత్రము పుణ్యము కాదు.

"బియ్యము మరలోనే శుభ్రమై వచ్చుచుండగా చేటతో పనియేమి? మా తల్లులు పడిన శ్రమను మా కుమార్తెలు మరల పడవలయునా?" అని కొందఱు తల్లులు మమ్ము అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. బరువు ఇత్తడిబిందెను మరల చంక నెత్తుకొమ్మని మేము చెప్పము. ప్లాస్టికుబిందె ఆడువారి నడుములకు చేసిన మేలు కొంచెము కాదు. ఇంటికొక వస్తువైనను వాడుకలో నుండవలెననియు, దానిని బాగుచేయుట ఆ యింటిలోని బాలురకు కూడ రావలెననియు మా కోరిక. పేముకుర్చీ అడుగు తెగినచో దానిపై మెత్త కప్పుటకు మాఱు, ఎనిమిదవ తరగతి బాలుడు దానిని అల్లగలిగిన బాగుండును.

వచ్చు ప్రదర్శనమున మొదటి బహుమానమును క్రొత్తగా చేసిన యలంకారమునకు గాక, ఇంటినుండి విరిగినదిగా తెచ్చి బడిలో బాగుచేసిన వస్తువున కీయవలెనని మా సలహా. ఇతరులు చేసిన వస్తువుపై రంగువేసి తెచ్చినప్పుడు, చేసినవారి పేరును, వారు సమ్మతించినయెడల, చీటిపై వ్రాయవలెను. చేతిపనుల గంటలలో కొన్నింటిని ఆ పని యెఱిగినవారికే అప్పగింపవలెను. వారు వరండాలో గాక, ఉపాధ్యాయుని కుర్చీ యున్నచోటనే కూర్చుండి నేర్పవలెను.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు ఆ చేట నల్లినామెను వెదకి, సంతలో కలిసికొంటిమి. వారమున కొకదినము బడికి వచ్చి నేర్పెదవా యని అడుగగా ఆమె చాలసేపు నమ్మలేదు. తరువాత వచ్చెదనని చెప్పి, దినమునకు కూలి యెంత యిత్తురని అడిగినది. మాకు సమాధానము తోచలేదు. పాఠశాల కమిటీవారు చెప్పవలసియున్నది.